ఇరవై నిమిషాల ఊరు

నల్లగుండ్ల రోడ్డు అనే ఊరు నల్లగుండ్లలో లేదు. నల్లగుండ్ల అక్కడికి పదకొండు మైళ్ళు. మధ్యలో ఒక కొండ, రెండు వాగులు ఉన్నాయి. రైలు పట్టాలు వేసినవాళ్ళు ఎక్కడో ఒకచోట స్టేషను కట్టాలి కాబట్టి కట్టేసి, చుట్టుపక్కల పేరున్న ఊరేదని వాకబు చేసి, ఆ పేరుకి రోడ్డు తగిలించి వెళ్ళిపోయారు. ఆ రోడ్డు ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు.

ఊరు పుట్టడానికి కారణం దాహం. బొగ్గింజన్ల కాలంలో, కొండ ఎక్కి వచ్చిన ఇంజను అక్కడికి చేరేసరికి నీళ్ళు అయిపోయేవి. ఇరవై నిమిషాలు ఆగి నీళ్ళు పట్టుకునేది. ఇంజను నీళ్ళు తాగుతున్నంతసేపూ బండిలోని జనానికి తోచక ఆకలేసేది. ఆ ఆకలి కనిపెట్టి కోటమ్మ అనే ఆవిడ ప్లాట్‌ఫారం చివర పొయ్యి పెట్టి గారెలు వేసింది. కోటమ్మకి మినుములు అమ్మడానికి ఒకడొచ్చాడు. మినుములమ్మేవాడికి చొక్కా కుట్టడానికి ఇంకొకడొచ్చాడు. వచ్చినవాళ్ళకి పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, పిల్లలకి బడి కావాల్సి వచ్చింది, బడిలోకి పంతులొచ్చాడు. అలా ఇరవై నిమిషాల్లోంచి ఒక ఊరు లేచింది.

తర్వాత బొగ్గింజన్లు పోయాయి. కొత్త ఇంజన్లకి దాహం లేదు. బళ్ళన్నీ ఊరి మొహం చూడకుండా దూసుకుపోవడం మొదలుపెట్టాయి. పొద్దున ఏడూ పదికి వచ్చే ప్యాసింజరు ఒక్కటే, అదీ రెండంటే రెండు నిమిషాలు ఆగుతుంది.

ఆ రెండు నిమిషాల మీదే కోటమ్మ మనవరాలు ఆదెమ్మ బతుకుతోంది. అదే పొయ్యి, అదే చోటు. పొయ్యికి గాలి తగలకుండా వాళ్ళవ్వ ఎప్పుడో అడ్డం పెట్టిన ఇనపరేకు కూడా అదే. వందేళ్ళ నూనెపొగ తాగి ఆ రేకు పెనం అడుగులా నల్లబడింది.

అయితే అవ్వకున్న ఒక్కటి మాత్రం ఆదెమ్మకి లేదు. గారె వేగడానికి నాలుగైదు నిమిషాలు కావాలి, బండి ఆగేది రెండు నిమిషాలు. అందుకని అవతలి స్టేషన్లో బండి బయల్దేరినట్టు ఇక్కడ గంట కొట్టగానే మూకుట్లో పిండి వేస్తుంది. బండి వచ్చేసరికి గారెలు చల్లారి, అరిటాకులో ముడుచుకుని కూర్చుంటాయి. "మా అవ్వ గారె చేతిలో పెడితే తీసుకున్నోడు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేసుకునేవాడంట. నాకాడ తీసుకున్నోడు జేబులో పెట్టుకోని పోతన్నాడు" అని ఆవిడ బాధ. ఇరవైరెండేళ్ళుగా ప్లాట్‌ఫారం మీద ఒక్క వేడిగారె అమ్మలేదు. ఆ రెండు నిమిషాలూ పోతే చల్లారిన గారె కూడా ఉండదు.

ఇలా ఉండగా చరిత్ర - జనసంఖ్య శాఖ అనే ఒక కొత్త శాఖ పుట్టి, పుట్టిన వారానికే సర్క్యులరు పంపింది.

స్టేషను మాస్టరు దైవాధీనం దాన్ని మూడుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని నాలుగోసారి చదివాడు. ఆయన నిజాయితీపరుడు. గడియారం అర నిమిషం వెనకబడితే రాత్రి నిద్రపట్టని మనిషి. అలాంటివాడి చేతిలో ఆ కాగితం పడడమే ఊరి దురదృష్టం.

"ఏందయ్యా మాస్టరూ, అంత సేపు చదవతన్నావు?" అంది టీ గ్లాసు బల్ల మీద పెట్టి ఆదెమ్మ.

"ప్రతి స్టేషన్లోనూ ఒక ఫలకం పెట్టాలంట ఆదెమ్మా. దానిమీద ఊరి చరిత్ర, ఊరి జనాభా రాయాలి. చరిత్ర అయిదొందల ఏళ్ళకి తగ్గకూడదు. జనాభా రెండువేలకి తగ్గకూడదు. తగ్గితే ఆ ఊళ్ళో బండి ఆపరు."

"మనకెంతుంది?"

"పంచాయతీ పుస్తకంలో రెండువేల మూడు."

ఆదెమ్మ గుండె మీంచి చెయ్యి తీసింది. "ముగ్గురు ఎక్కువే ఉన్నారుగా. ఇంక దిగులేంది?"

"ఆరో నిబంధన ఉంది." దైవాధీనం కాగితం దూరంగా పట్టుకుని చదివాడు. "ఫలకమునందలి జనసంఖ్య దినములో ఏ ఘడియయందు తనిఖీ చేసినను యథార్థమై ఉండవలెను. ఊరి హద్దులోనున్న వారినే జనసంఖ్యగా పరిగణింపవలెను."

ఇంకొక స్టేషను మాస్టరైతే ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి మీద ఇంకో కాగితం పెట్టేవాడు. దైవాధీనం మర్నాడు పొద్దున పలక, సుద్దముక్క పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. బండెక్కినవాళ్ళు నలభై ఒక్కరు. దిగినవాళ్ళు ఆరుగురు. పలక మీద 2,003 చెరిపి 1,968 రాశాడు. పోర్టరు యేసోబు ఆ పలకని గంట పక్కన వేలాడదీశాడు. ఆ సంఖ్య తంతి మీద పై ఆఫీసుకి వెళ్ళింది. మూడోరోజున సమాధానం వచ్చింది: "మీ ఊరు ప్రతిదినము ఉదయము ఏడూ పన్నెండు నిమిషములకు చిన్నదైపోవుచున్నట్లు గమనించడమైనది. వచ్చే గురువారము ప్రత్యేకాధికారి తనిఖీకి విచ్చేయుదురు. అప్పటికిని ఇదే దుస్థితి కొనసాగినచో హాల్టు రద్దు కాగలదు."

ఊరంతా స్టేషన్లోకి వచ్చింది. సర్పంచి ఓబులేసు బెంచీ ఎక్కి మాట్లాడాడు.

"విషయం తేలిగ్గా అర్థమయ్యేదే. బండి మనూళ్ళో ఆగాలంటే మనమెవ్వరం బండెక్కగూడదు. ఎక్కితే ఇంక ఆగదు."

"ఎక్కనప్పుడు ఆగితే ఏంది, ఆగకపోతే ఏంది?" అన్నాడు గుంపులోంచి ఒకడు.

"అది రాజకీయం. మనం నిబంధన గురించి మాట్లాడుకుంటన్నాం" అన్నాడు ఓబులేసు.

లెక్క ప్రకారం రోజుకి ముగ్గురు వెళ్ళొచ్చు. ఎవరా ముగ్గురన్నది చీట్లు వేసి తీశారు. పన్నునొప్పివాడికి చీటీ రాలేదు, ఊరికే కూర్చోలేక చీటీ వేసినవాడికి వచ్చింది. పన్నునొప్పివాడు దవడకి తువ్వాలు కట్టుకుని ఊరి కోసం కూర్చున్నాడు. ఊరికి వచ్చిన బంధువులకి మాత్రం పట్టిందల్లా బంగారమైంది. రెండోరోజునే చెప్పులు చూపించే ఇళ్ళల్లో కూడా "అప్పుడే ఏం తొందర, ఇంకో పది రోజులుండండి" అని కాళ్ళకి అడ్డంపడ్డారు. ఒకాయన అల్లుడు చెప్పకుండా బండెక్కబోతే నలుగురు పట్టుకుని దింపారు. ఆ పూట దైవాధీనం పలక మీద 2,014 రాశాడు. ఊళ్ళో చాలామంది ఆ అంకె చూసుకోడానికి వచ్చి, కాసేపు నిలబడి వెళ్ళారు.

రెండు రోజులు పోయాక రైలు ఆఫీసు నుంచి వేరే ఉత్తరం వచ్చింది. ఆ స్టేషన్లో జనాభా సంతృప్తికరంగా ఉన్నప్పటికీ టిక్కెట్లు తెగడం లేదనీ, రోజుకి పాతికమంది ఎక్కని చోట బండి ఆపడం దండగనీ అందులో రాశారు.

దైవాధీనం రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కనే పెట్టుకుని తల పట్టుకున్నాడు.

"పాతికమంది ఎక్కకపోతే బండాగదు. ముగ్గురికంటే ఎక్కువమంది ఎక్కితే బండాగదు. నేనేం చెయ్యను ఆదెమ్మా?"

"నన్నడుగుతావేంది మాస్టరయ్యా, చదువుకున్నోడివి." ఆదెమ్మకి ఏడుపొచ్చింది, దానికంటే ముందు కోపమొచ్చింది. "ఆ కాగితాలు రాసినోళ్ళు ఒక్కసారన్నా బండెక్కారా? బతికినన్నాళ్ళూ మా అవ్వ ఒక్క మనిషిని లెక్కపెట్టలా. ఆకలేసినోడికి గారె పెట్టింది, అంతే. ఊరు దానంతటదే అయింది."

దైవాధీనం టీ తాగాడు. ఇంకా ఫలకం కూడా తయారవలేదు. ఫలకానికి కావలసిన ఇనపరేకుని "స్థానికముగా సమకూర్చుకొనవలెను" అని పదో నిబంధన. ఆ స్థానికంలో ఇనపరేకు ఎక్కడుంటుందో ఆయనకి తెలియలేదు.

గురువారం ఏడూ పదికి బండి వచ్చింది. ప్రత్యేకాధికారి విశ్వంభరం మెడలో శాలువాతో దిగాడు. శాలువా ఆయనకి అంతకుముందు తనిఖీ చేసిన స్టేషన్లో కప్పారు. ప్లాట్‌ఫారం మీద ఊరు ఊరంతా ఉంది. పాతికమంది టిక్కెట్లు పట్టుకుని ఎక్కనా వద్దా అని నిలబడ్డారు, మిగతావాళ్ళు వాళ్ళని ఎక్కనివ్వకుండా నిలబడ్డారు.

"తనిఖీ పరిసమాప్తమయ్యేవరకు బండి కదలరాదు. పదకొండో నిబంధన" అన్నాడు విశ్వంభరం. "మొదట చరిత్ర. ఈ గ్రామం ఏ రాజవంశీకుల పాలనలో వర్ధిల్లింది?"

"రాజులెవరూ లేరండి. ఇంజన్లు ఇక్కడ నీళ్ళు తాగేవి" అన్నాడు దైవాధీనం.

"దాహం చరిత్ర కాజాలదు."

"మరేం రాయమంటారండి?"

విశ్వంభరం ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. "ఇంజను స్థానంలో అశ్వాన్ని ఉంచండి. పూర్వం ఒకానొక మహారాజు దిగ్విజయ యాత్రలో ఉండగా ఆయన అశ్వం ఇచ్చట జలపానం చేసెను. అప్పటినుంచి ఈ ప్రాంతం పావనమైనది. ఇప్పుడు అయిదొందల ఏళ్ళు వచ్చినట్టే కదా? చరిత్ర అనేది చదివి వదిలేసేది కాదు మాస్టరుగారూ, ఆచరించవలసినది. అందుకే తొమ్మిదో నిబంధనలో స్పష్టంగా చెప్పాం. స్టేషను ఆవరణలో ఏ ప్రాచీన శాసనం లభించినా దానియందలి ప్రతి అక్షరాన్నీ పాటించి తీరవలెను. ఇంతకీ ఫలకం ఏది?"

"రేకు దొరకలేదండి."

విశ్వంభరం ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు. ఆయన చూపు ఆదెమ్మ పొయ్యి దగ్గర ఆగింది. "అదేమిటి? సర్కారు ఆవరణలో అంత రేకు పెట్టుకుని దొరకలేదంటారా? తీయించండి. తోమించి, నా ఎదుటనే రాయించండి."

యేసోబు బిక్కచచ్చిపోయి ఆదెమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆదెమ్మ గరిటె ఎత్తింది.

"ముట్టుకున్నావంటే మర్యాదగా ఉండదు యేసోబూ. అది మా అవ్వ పెట్టింది. అది తీస్తే గాలికి పొయ్యి నిలబడదు."

"నాదేముందత్తా, దొరగారు చెప్తన్నారు" అన్నాడు యేసోబు, ఆవిడ కళ్ళల్లోకి చూడకుండా. రేకు ఊడదీసి, ఇటుకముక్కతో తోమడానికి కుళాయి దగ్గరికి మోసుకుపోయాడు.

గాలి వచ్చి మంటని అటూ ఇటూ ఊపేసింది. ఆదెమ్మ చీరచెంగు అడ్డం పెట్టి మూకుడు వంక చూసింది. నూనె కాగే ఉంది. తట్టలో ఉన్న గారెలు ఎప్పట్లాగే చల్లారాయి. బండి మాత్రం ఎప్పట్లాగా వెళ్ళిపోలేదు. రెండు నిమిషాలు దాటింది, నాలుగు దాటింది, అక్కడే ఉంది. ఆదెమ్మ ఒకసారి బండి వంకా, ఒకసారి గిన్నెలో మిగిలిన పిండి వంకా చూసి, చెయ్యి తడి చేసుకుని మూకుట్లో ఒక వాయి వేసింది.

ఆ వాసన మూడో పెట్టె దాకా పోయింది. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. మొదట ఇద్దరు దిగారు, తర్వాత పదిమంది, తర్వాత పెట్టెకి పెట్టె దిగింది. దిగినవాళ్ళు పొయ్యి చుట్టూ చేరి గోడలా నిలబడ్డారు. గాలి ఆగిపోయింది, మంట నిలబడింది. ఒకాయన గారె అందుకుని, అబ్బా అని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేసుకున్నాడు. ఆదెమ్మ అది చూసి చేస్తున్న పని మర్చిపోయింది. ఇరవైరెండేళ్ళకి ఆ ముచ్చట తన పొయ్యి దగ్గర జరిగినందుకు ఆవిడకి చెప్పలేనంత సంతోషమైంది.

అవతల జనాభా లెక్క తెగడం లేదు.

"అయ్యా, బండి దిగినవాళ్ళు ఊరి హద్దులోకి వచ్చారు. ఆరో నిబంధన ప్రకారం కలపాలండి" అన్నాడు దైవాధీనం.

"కలపండి."

"రెండువేల మూడొందల పదహారు. ఆగండి, గారెలు కొనుక్కుని పదిమంది మళ్ళీ ఎక్కారు. రెండువేల మూడొందల ఆరు. ఇప్పుడు మళ్ళీ ఇరవైముగ్గురు దిగారండి."

"సంఖ్య స్థిరపడితే తప్ప నేను సంతకం చెయ్యజాలను. దిగడం నిలుపు చేయించండి."

"గారెలు వేగుతున్నాయండి" అన్నాడు దైవాధీనం, అంతకంటే చెప్పేదేముందన్నట్టు.

అప్పుడు మాస్టరు గదిలో టెలిఫోను మోగింది. దైవాధీనం విని, మొహం వెలవెలబోయి, రిసీవరు వెనకే వచ్చిన అధికారికి అందించాడు. అవతలి గొంతు ప్లాట్‌ఫారం దాకా వినిపించింది. ఆ ప్యాసింజరు పదిహేడు నిమిషాలుగా నిలబడి ఉందనీ, దాని వెనక ఒక ఎక్స్‌ప్రెస్సు, ఆ ఎక్స్‌ప్రెస్సులో ఒక పెద్దమనిషీ ఆగి ఉన్నారనీ, బండిని ఎవరి ఉత్తర్వు మీద ఆపారో మూడు నిమిషాల్లో చెప్పకపోతే ఆపినవారి ఉద్యోగం సంగతి తాము చూసుకుంటామనీ ఆ గొంతు చెప్పింది.

"అది... మా పదకొండో నిబంధన..." అన్నాడు విశ్వంభరం.

"మీ శాఖ నిబంధనలు మా బళ్ళకి వర్తించవు. బళ్ళ ఉత్తర్వు కావాలి" అని అవతలివాళ్ళు టెలిఫోను పెట్టేశారు.

విశ్వంభరం కుర్చీలో కూలబడి శాలువాతో మొహం తుడుచుకున్నాడు. ఆయన భాషలోంచి సంస్కృతం ఒక్కసారిగా దిగిపోయింది. "ఏం చేద్దామయ్యా మాస్టరూ? నాకింకా ఆరేళ్ళ సర్వీసుంది" అన్నాడు.

ఆ సమయానికి యేసోబు తోమిన రేకు భుజాన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "అయ్యా, దీనిమీద రాయడానికి చోటు లేదండి. ఇప్పటికే ఎవరో ఏదో రాశారు."

రేకుని వెలుతురులోకి తిప్పారు. మసి కింద నుంచి తెల్లటి అక్షరాలు బయటపడ్డాయి. పైన ఇంగ్లీషు, కింద తెలుగు. దైవాధీనం కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు.

"ఈ స్టేషనునందు ప్రతి ప్యాసింజరు బండియు ఇంజనుకు నీరు పట్టు నిమిత్తము ఇరువది నిమిషములు నిలువవలెను. వేరు ఉత్తరువు వచ్చువరకు ఇది అమలునందుండును."

ఆదెమ్మ గరిటెతో సహా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"వేరే ఉత్తర్వు వచ్చిందా?" అన్నాడు విశ్వంభరం, గొంతు తగ్గించి.

దైవాధీనం ఆ ఫైళ్ళన్నీ ఎరిగినవాడు. "రాలేదండి. బొగ్గింజన్లు పోయాయి కదా అని బళ్ళు ఆపడం మానేశారు. టైంటేబులు మార్చారు. దీన్ని రద్దు చేస్తూ కాగితమైతే ఎవరూ రాయలేదు."

విశ్వంభరం నిటారుగా లేచి నిలబడ్డాడు. శాలువా సర్దుకున్నాడు. సంస్కృతం తిరిగొచ్చింది.

"ఇది ప్రాచీన శాసనం! స్టేషను ఆవరణలో లభించింది! తొమ్మిదో నిబంధన మేరకు ప్రతి అక్షరమూ పాటించి తీరవలసిందే. అంతేకాదు, ఇది బళ్ళ ఉత్తర్వే. నేను బండిని నిలిపానన్నది అపవాదు మాస్టరుగారూ. బండి శాసనబద్ధంగా నిలిచినది. ఎన్ని నిమిషాలైంది?"

"పంతొమ్మిదిన్నరండి."

"ఇంకో అర నిమిషం ఉండనివ్వండి."

"మరి జనాభా సంగతండి?" అన్నాడు ఓబులేసు కిటికీలోంచి.

విశ్వంభరం రేకుని వేలితో కొట్టి చూపించాడు. "ఇందులో జనుల ప్రస్తావన ఎక్కడైనా ఉందా? బండి ఇచ్చట నిలిచేది నీటి నిమిత్తం. మనుషులున్నా లేకున్నా నిలుస్తుంది. ఎక్కదలచినవారు ఎక్కవచ్చును."

ఓబులేసు ఆ మాట ప్లాట్‌ఫారం మీదికి కేకవేసి చెప్పాడు. పదిరోజులుగా ఆగినవాళ్ళందరూ ఒక్కసారిగా బండెక్కారు. అందరికంటే ముందు పన్నునొప్పివాడు ఎక్కాడు. దైవాధీనం సరిగ్గా ఇరవయ్యో నిమిషాన పచ్చజెండా ఊపాడు. బండి కదిలాక పలక మీద 1,871 రాసి, దానివంక కాసేపు చూసి, తడిగుడ్డతో తుడిచేశాడు. అది ఆయన తన సర్వీసులో చేసిన మొదటి తప్పు.

తర్వాత ఆ ఉత్తర్వు రద్దు చెయ్యాలని రైలు ఆఫీసు గట్టిగానే ప్రయత్నించింది. రద్దు చెయ్యాలంటే అసలు ఉత్తర్వు నంబరు వెయ్యాలి. నంబరున్న ఫైలు చెదలు తినేశాయి. నంబరు లేని ఉత్తర్వుని రద్దు చేసే అధికారం తమలో ఎవరికుందో తేలక, ఆ ప్రశ్న మీద ఒక కమిటీ వేశారు. కమిటీ నివేదిక వచ్చేదాకా ఏడూ పది ప్యాసింజరు నల్లగుండ్ల రోడ్డులో ఇరవై నిమిషాలు ఆగుతుంది. ఉత్తర్వులో నీరు పట్టాలని ఉంది కాబట్టి, యేసోబు రోజూ ఒక చెంబెడు నీళ్ళు తీసుకెళ్ళి డ్రైవరుకి అందిస్తాడు. కరెంటింజనులో నీళ్ళు ఎక్కడ పొయ్యాలో డ్రైవరుకి మొదట తోచలేదు. అప్పటికే ఆదెమ్మ గారె, అల్లప్పచ్చడి తిని నోరు మండుతూ ఉంది గనక తనే గడగడా తాగేశాడు.

"ఇంజనుకి పట్టామని రాసుకో" అన్నాడు చెంబు తిరిగిచ్చి. యేసోబు అలాగే రాసుకున్నాడు.

పాత రేకుని ప్లాట్‌ఫారం మధ్యలో రెండు స్తంభాలకి బిగించి, చుట్టూ గొలుసు కట్టారు. ఆదెమ్మ నెలరోజులు తడికె అడ్డం పెట్టుకుని గాలితో తంటాలు పడింది. ఆ నెల చివర్లో చరిత్ర - జనసంఖ్య శాఖ నుంచి ఒక పెద్ద చెక్కపెట్టె దిగింది. అందులో సరికొత్త ఇనప ఫలకం, దానిమీద రంగురంగుల్లో నీళ్ళు తాగుతున్న గుర్రం, గుర్రం కింద "జనసంఖ్య 2,003" అని జానెడేసి అక్షరాలు ఉన్నాయి. బిగించడానికి స్తంభాలు లేవు. స్తంభాలు స్థానికంగా సమకూర్చుకోవాలి.

దైవాధీనం ఫలకాన్ని గోడకి ఆనించి, దానివంకా, తడికె కాలిపోకుండా అవస్థ పడుతున్న ఆదెమ్మ వంకా చూశాడు.

"ఆదెమ్మా, ఇది ఎండకీ వానకీ పాడవకుండా ఎక్కడన్నా పెట్టాలి. నీ దగ్గర చోటుందా?"

"ఎందుకుండదు మాస్టరయ్యా" అంది ఆదెమ్మ.

గంట కొట్టగానే ఆవిడ ఇప్పుడు పిండి వెయ్యదు. బండి వచ్చి ఆగాక, జనం దిగాక, తీరిగ్గా వేస్తుంది. పొయ్యి వెనక కొత్త రేకు గాలికి కదలకుండా నిలబడింది. మొదటి వారంలోనే పొగ తగిలి గుర్రం నల్లబడింది. పండగ నాటికి అంకె కూడా చదవడానికి లేకుండా పోయింది. ఊళ్ళో ఎంతమంది ఉన్నారని బండి దిగినవాళ్ళు ఎవరైనా అడిగితే, ఆదెమ్మ మూకుడు మీంచి తల ఎత్తకుండానే, "నీతో కలిపా, నువ్వు కాకుండానా?" అని, ముందు చేతిలో గారె పెడుతుంది.